విశ్రాంత జీవనము – గ్రంథాలయము



ఉద్యోగము విరమించినవానితో లోకమనునది ఒకే మాట: "ఇంక హాయిగా విశ్రాంతి తీసికొనుడు." రెండు మూడు నెలలు గడచిన పిమ్మట ఆ విశ్రాంతియే భారమగును. తెల్లవారగనే బడికో, కచేరికో పోవలసిన పని యుండదు. వెదకికొని వచ్చువారు తగ్గుదురు. తిండికి, బట్టకు లోటు లేకున్నను, తనతో లోకమునకు పని తీఱినదను తలంపు లోలోపల బాధించును. ఆ బాధకు మందు నలుగురు కూడి నేర్చుకొనుచు, నేర్పుచు నుండు చోట కలదు.

ఇది కొలదిమంది సమస్య కాదు. 2011 జనాభా లెక్కలనాటికే భారతదేశమున 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకు మించియుండిరి. ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు తెలంగాణమున 2021లో 61 ఏండ్లకును, ఆంధ్రప్రదేశమున 2022లో 62 ఏండ్లకును పెరిగినది. ఆ పిదపను పదునైదు, ఇరువది యేండ్లు చుఱుకుగా బ్రదుకువారు పలువురు. అంత కాలమును ఊరక గడపుట వారికిని నష్టమే, ఊరికిని నష్టమే.

హైదరాబాదులోని జూబిలీ హిల్సు, ఫిలింనగరు ప్రాంతములను చూచిన ఈ సంగతి తేటపడును. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు వీడి క్రమముగా స్థిరపడిన చోటది. పల్లెలనుండి వెళ్లి అందు పనిచేసినవారు పెక్కురు. కృష్ణాజిల్లా రామాపురమున పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు బడి చదువు ప్రాథమిక దశతోనే ముగిసినది. ఆయన 1976లో ప్రక్కనున్న బంజారా హిల్సులో అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పెను. 2014లో, తన 90వ యేట, కన్నుమూయు వఱకును నటుడుగనే యుండెను. కడపటి చిత్రము 'మనం' ఆయన మరణానంతరము విడుదలయ్యెను.

అట్టి భాగ్యము అందఱకును పట్టదు. దీపములు మోయువారు, రంగులు పూయువారు, దుస్తులు కుట్టువారు మొదలుగాగల పనివారి విరమణకు తేది యుండదు. పిలుపులు తగ్గుటయే వారికి విరమణము. దినకూలిపై పనిచేసినవానికి నెలనెలకు వచ్చు పింఛను ఎక్కడిది? నటుడు ఎం. ప్రభాకరరెడ్డి పేర మణికొండలో వెలసిన చిత్రపురి కాలనీ సినిమా పనివారి నివాసముల కొఱకు ఏర్పడినది. ఇల్లు ఎంత అవసరమో, నలుగురు కూర్చుండు చావడియు అంత అవసరము. ఫిలింనగరు సాంస్కృతిక కేంద్రము వంటివి సభ్యుల సంస్థలు. 1998లో జాతీయోద్యానమైన కాసు బ్రహ్మానందరెడ్డి వనమున ఉదయపు నడకకు పెద్దలు చేరుదురు. నడక దేహమునకు మేలు. మనస్సునకు పని వేఱుగా కావలయును.

ఆ పనివారి యొద్ద విద్య లేదనరాదు. 1,000 అడుగుల ఫిలిం చుట్ట తెరపై సుమారు 11 నిమిషములు నడచుననియు, సెకనుకు 24 బొమ్మలు కదలుననియు చేతితో కత్తిరించి అతికినవాడు చెప్పినచో పిల్లలు కన్నులార్పక విందురు. నేడు డిజిటల్ పరికరములు వచ్చినవి. ఆ చేతిపని నెఱిగినవాడు చెప్పకయే పోయినచో ఆ విద్యయు వానితోనే పోవును. పల్లెలోని విత్తనపు రైతు, మంత్రసాని, నేతగాడు, బడిపంతులు – వీరి సంగతియు నిట్టిదే.

ఇతరదేశములు దీనిని గుర్తించినవి. 1973లో ఫ్రాన్సు దేశపు టూలూజ్ నగరమున విశ్రాంతుల కొఱకు ఒక విశ్వవిద్యాలయ శాఖ తెఱవబడెను. 1980ల తొలినాళ్లలో ఇంగ్లండులో ఆ పద్ధతి సులభమైనది: పరీక్షలు లేవు, పట్టములు లేవు, సభ్యులే గురువులు, సభ్యులే శిష్యులు.

తెలుగువారి కిది క్రొత్త కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1914లో బెజవాడ గ్రంథాలయ మహాసభ – ఇవి ప్రభుత్వపు ఉత్తరువులతో పుట్టలేదు. ప్రజలు కూడి నిలిపిరి. 1960 నాటి గ్రంథాలయ చట్టమునుబట్టి ఇంటిపన్నుతో కూడ గ్రంథాలయపు పన్ను చెల్లించుచున్న గ్రామస్థునకు గ్రంథాలయము పరాయి కొంప కాదు. ధనికుడు, పేద యను భేదము లేక తలుపు తెఱచి యుండు చోటు ఊరిలో మఱి యేది?

కావున ప్రతి గ్రామ గ్రంథాలయమును గ్రంథముల పట్టిక ప్రక్కనే మఱియొక పట్టిక నుంచవలయును. ఊరి పెద్దలలో ఎవరికేమి తెలియునో, ఎవరేమి నేర్వగోరుదురో అందు వ్రాయవలయును. వారమున కొక సాయంకాలము ఒకరు చెప్పగా పదుగురు వినవలయును. చూపు తగ్గినవారికి బాలురు పత్రిక చదివి వినిపింపవలయును. చేతిఫోనులో బ్యాంకు వ్యవహారము నడపుట, మోసపు పిలుపులను గుర్తించుట యువకులు పెద్దలకు నేర్పవలయును. గృహిణికి విరమణమే లేదు గనుక, స్త్రీలకు వీలగు మధ్యాహ్నపు వేళ వేఱుగా కేటాయింపవలయును. మెట్లెక్కలేనివారికి క్రిందనే కుర్చీలు వేయవలయును. వీనికి ధనము స్వల్పము, పూనిక ముఖ్యము.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము ఇరువదియైదేండ్లు పుస్తకములను భద్రపఱచినది. ఇకమీదట, పుస్తకములకెక్కని విద్య గల పెద్దలను పిలిచి కూర్చుండబెట్టు గాక! స్వర్ణోత్సవము నాటికి ఆ రెండవ పట్టికయు నిండియుండు గాక!