బాయిలర్ పనివాడు, పార్టీ కార్యదర్శి



హారీ పొలిట్ 1890లో లాంకషైర్‌లోని డ్రాయిల్స్‌డెన్‌లో పుట్టాడు. తల్లి నేతమిల్లు కార్మికురాలు. పన్నెండేళ్లకే తనూ మిల్లుకెక్కాడు. సగం పూట పని, సగం పూట బడి. తర్వాత బాయిలర్లు చేసే పని నేర్చుకున్నాడు.

1920 మేలో లండన్ రేవులో జాలీ జార్జ్ అనే ఓడ ఆగింది. సోవియట్ రష్యాతో యుద్ధంలో ఉన్న పోలండ్‌కు ఆయుధాలు పంపాలి. రేవు కూలీలు ఎక్కించం పొమ్మన్నారు! నెలల తరబడి వాళ్లకు కరపత్రాలు పంచి నచ్చజెప్పినవాళ్లలో పొలిట్ ఒకడు. బ్రిటన్ కమ్యూనిస్టు పార్టీ పుట్టింది ఆ జూలై ఆఖరున.

1929లో పొలిట్ ఆ పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అసలు పరీక్ష 1939లో వచ్చింది. హిట్లర్‌పై యుద్ధాన్ని గెలవాలంటూ ఆయన ఓ చిన్న పుస్తకం రాశాడు. ఇంతలో మాస్కో నుంచి కబురు: ఇది సామ్రాజ్యవాదుల యుద్ధం, సమర్థించొద్దు. కేంద్ర కమిటీలో ఆయన పక్షాన నిలిచింది తనతో కలిపి ముగ్గురే. పదవి పోయింది, మళ్లీ సుత్తి పట్టాడు. 1941లో జర్మనీ రష్యా మీద పడగానే పార్టీ మాట మార్చి, ఆయన్నే పిలిచి కూర్చోబెట్టింది.

అంత నిక్కచ్చి మనిషే స్టాలిన్ దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. 1956లో సోవియట్ నేత క్రుశ్చేవ్ స్టాలిన్ గుట్టు విప్పాక కూడా గోడమీది స్టాలిన్ పటం తీయనన్నాడు.

అంతకుముందు మదురైలో జరిగిన భారత కమ్యూనిస్టు పార్టీ మూడో మహాసభకూ ఆయన వచ్చాడు. 1960 జూన్‌లో, ఆస్ట్రేలియా పర్యటన ముగించుకుని తిరిగొస్తూ ఓడలోనే కన్నుమూశాడు.