వలస నేతన్నకు రేషన్: ఏది వెంట వస్తుంది? ఏది రాదు?



భీవండి పేరు వినని పద్మశాలి వాడ మన జిల్లాల్లో ఉండదు. ఠాణే జిల్లాలోని ఆ ఊళ్లో పద్మనగర్ అని ఒక పేట ఉంది. అక్కడ ముందు సాంచాల మోత వినిపిస్తుంది, ఆ వెంటనే తెలుగు మాట. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మెదక్ పల్లెల నుంచి తరాలుగా వెళ్లినవాళ్లు అక్కడ ఉన్నారు. మీలో ఎందరికో అక్కడ అన్నో, మేనమామో, కొడుకో ఉండే ఉంటారు. ఈ పూట నా మాటలు వాళ్ల కోసమూ, ఇక్కడ వాళ్ల కోసం ఎదురుచూసే మీ కోసమూ.

సాంచా మీద పనిచేసేవారికి మీటరు లెక్కన కూలి. సాంచా నడిస్తేనే డబ్బు. కరెంటు పోయినా, నూలు ధర పెరిగి సేటు కార్ఖానా ఆపినా కూలి లేదు. గది కిరాయి మాత్రం ఆగదు, కిరాణా దుకాణంలో ఖాతా ఆగదు. అలాంటి నెలల్లో పొయ్యి వెలిగించేది రేషన్ బియ్యమే. మరి ఊళ్లో ఉన్న కార్డు భీవండిలో పనికొస్తుందా? ఈ ప్రశ్నకు సగం జవాబు "వస్తుంది", సగం జవాబు "రాదు". ఆ తేడా తెలియక నష్టపోతున్నవాళ్లు ఉన్నారు.

ముందు వెంట వచ్చేది చూద్దాం. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం అర్హత ఉన్న కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు. అంత్యోదయ కార్డయితే కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఈ ధాన్యం ఉచితం. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు అలాగే ఇస్తామని కేంద్రం ప్రకటించింది. ఈ హక్కు మనిషి వెంట నడుస్తుంది. "ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు" ఏర్పాటు 2019 ఆగస్టులో మొదలైంది. మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక జంటగా, గుజరాత్, మహారాష్ట్ర మరో జంటగా కలిశాయి. 2022 జూన్ నాటికి దేశమంతా చేరింది. ఆధార్ కలిపిన కార్డు ఉంటే పద్మనగర్‌లోని రేషన్ దుకాణంలో కార్డు నంబరో ఆధార్ నంబరో చెప్పి, యంత్రం మీద వేలిముద్ర వేసి ధాన్యం తీసుకోవచ్చు.

ఇక వెంట రానిది. చట్టం ఇచ్చే 5 కిలోల మీద తెలంగాణ ప్రభుత్వం మరో కిలో కలిపి మనిషికి 6 కిలోలు ఇస్తోంది. 2025 ఏప్రిల్ నుంచి అవి సన్నబియ్యం. ఆ అదనపు కిలో, ఆ సన్నబియ్యం రాష్ట్రం దాటవు. భీవండిలో అందేది కేంద్రం వాటా మాత్రమే, అదీ అక్కడి దుకాణంలో ఉన్న ధాన్యమే. గోధుమలు ఇచ్చారని దుకాణదారుతో తగువు పడి లాభం లేదు. ఇంకో సంగతి. తెలంగాణలో కేంద్ర చట్టం కిందికి రాని, రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చిన కార్డులు లక్షల్లో ఉన్నాయి. వాటికి బయటి రాష్ట్రంలో ధాన్యం రాదు. మీది ఏ కార్డో రైలెక్కే ముందే మీ డీలర్‌ను అడగండి.

ఒక కుటుంబం అనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు భీవండిలో. తల్లి ఊళ్లో. కార్డు మీద ఐదుగురి పేర్లు. భర్త రాత్రిపాలి దిగి దుకాణానికి వెళ్లి వేలిముద్ర వేసి మొత్తం 25 కిలోలూ తీసుకున్నాడు. నెలాఖరున తల్లి సంచి పట్టుకుని ఊరి దుకాణానికి పోతే, "నీ వాటా భీవండిలో లేచింది పెద్దమ్మా" అన్నారు. కొడుకు మోసం చేయలేదు. వాటాలు పంచుకోవచ్చని అతనికి తెలియదు, అంతే. దుకాణంలో "మాకు 20 కిలోలు చాలు" అని ముందే చెబితే తల్లి వాటా కార్డులో మిగిలేది. ఆమె తనది ఊళ్లో తీసుకునేది.

మరికొందరు ఇంకో తొందర పడతారు. ఊరి కార్డులో పేరు తీయించి మహారాష్ట్ర శిధాపత్రికకు దరఖాస్తు పెడతారు. రెండు కార్డుల్లో పేరు ఉండకూడదు, నిజమే. కానీ అక్కడ కొత్త కార్డు చేతికి రావడం వేరు, దాని మీద ధాన్యం మంజూరు కావడం వేరు. ఒక్కో రాష్ట్రానికి లబ్ధిదారుల సంఖ్యకు హద్దు ఉంది. కేసరి రంగు కార్డు వచ్చినా గింజ రాని కుటుంబాలు ఉంటాయి. అప్పుడు ఇక్కడిదీ పోతుంది, అక్కడిదీ రాదు. కాబట్టి అక్కడే స్థిరపడాలని గట్టిగా అనుకున్నాకే, అక్కడి రేషనింగ్ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే పేరు తీయించండి.

పింఛన్లు కూడా చిరునామాకు కట్టుబడినవే. తెలంగాణలో 50 ఏళ్లు దాటిన చేనేత కార్మికులకు పింఛను ఉంది. 2019 నుంచి అది నెలకు 2016 రూపాయలు. అది తెలంగాణలో ఉండేవారికి. మహారాష్ట్రలో 65 దాటిన పేద వృద్ధులకు శ్రావణబాళ్ పథకం ఉంది. 2023లో దాన్ని 1500 రూపాయలకు పెంచారు. దానికి ఆ రాష్ట్రంలో 15 ఏళ్ల నివాసం చూపాలి. పద్మనగర్‌లో ముప్పై ఏళ్లు సాంచా నడిపినా, ఓటరు కార్డు, కిరాయి కాగితం, పిల్లల బడి కాగితం దాచుకోనివాడు ఆ పదిహేనేళ్లు ఎలా చూపగలడు? కష్టం ఎంత నిజమైనా కార్యాలయంలో మాట్లాడేది కాగితమే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి సాంచాలన్నీ ఆగినప్పుడు ఈ సంగతి దేశమంతటికీ తెలిసివచ్చింది. కార్డు ఊళ్లో, ఆకలి పట్నంలో. ఆ మే నెలలో కార్డు లేని వలస కూలీలకు మనిషికి 5 కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో శనగలు రెండు నెలలపాటు ఇస్తామని కేంద్రం ప్రకటించవలసి వచ్చింది. అలాంటి రోజు మళ్లీ వస్తే మన కాగితాలు సిద్ధంగా ఉండాలి.

అందుకని శ్రోతలారా, ఈ పని చేయండి. ఈ వారం భీవండికి ఫోను చేసినప్పుడు మూడు మాటలు అడగండి. కార్డులో అందరి ఆధార్ కలిసిందా? ఈ-కేవైసీ వేలిముద్ర అందరిదీ అయిందా? ఈ నెల ఎవరి వాటా ఎక్కడ తీసుకుంటున్నారు? అనుమానం ఉంటే 14445 నంబరుకు ఫోను చేయమనండి. వలస వెళ్లినవారి రేషన్ కోసమే ఆ నంబరు పెట్టారు.

కొడుకు అక్కడ తినాలి, తల్లి ఇక్కడ తినాలి. ఒకే కార్డు ఇద్దరికీ సరిపోతుంది, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే.