కనిపెట్టడంలో రెండర్థాలు



ఊరికి వెళ్తూ తాళంచెవి పొరుగింటి వదినగారి చేతికిచ్చి, "కాస్త ఇల్లు కనిపెట్టుకుని ఉండండి" అంటాం. ఆవిడే మనింటికి ఎవరొచ్చారో, ఎంతసేపున్నారో లెక్కపెడితే "అన్నీ కనిపెడుతోందమ్మా" అని విసుక్కుంటాం. మాట ఒక్కటే. మొదటిది మనం అప్పజెప్పిన పని, రెండోది మనకు తెలియకుండా జరిగేది.

'నిఘా' పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. అక్కడ దానికి 'చూపు' అనే అర్థం. అనుమానం మనం తగిలించిందే. అన్ని నిఘాలూ చెడ్డవి కావు. కృష్ణకు వరదొస్తే ప్రకాశం బ్యారేజీ దగ్గర రాత్రింబవళ్లు నీటిని చూస్తూ, ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది ఇస్తారు. 2024 సెప్టెంబరులో 11 లక్షలు దాటింది! లంక గ్రామాలవాళ్లకు ఆ చూపే రక్ష.

'వేగు' దారి వేరు. చారుడంటే తిరిగేవాడు, గూఢచారి అంటే మరుగున తిరిగేవాడు. రాజులకది రాజనీతి కావచ్చు. కాని భవభూతి ఉత్తరరామచరితంలో లోకనిందను రాముడి చెవిన వేసిన దుర్ముఖుడు వేగే కదా! అతను విన్నమాటే చెప్పాడు. అడవికి వెళ్లింది మాత్రం సీతమ్మ.

సంసారాల్లో పూర్వం తలుపుచాటున నిలబడి వినేవారు. ఇప్పుడా పని ఫోన్ చేస్తోంది. ఒక భర్త, భార్య తన తల్లిదండ్రులతోనూ స్నేహితులతోనూ ఫోన్లో మాట్లాడిన మాటలు ఆమెకు తెలియకుండా రికార్డు చేసి, విడాకుల కేసులో కోర్టు ముందు పెట్టాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చట్టవిరుద్ధమంది. ఆ మాటలు నిజమైనవే అయినా సాక్ష్యంగా చెల్లవంది. ఆ తీర్పు 2008లో లా రిపోర్టుల్లో అచ్చయింది. అయితే 2025 జూలైలో సుప్రీంకోర్టు మరో కేసులో, ఇలాంటి రికార్డులను విడాకుల కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే చెడినట్టేనని కూడా అంది.

చెల్లేది ఈ రెండో తీర్పే. నా మనసు మాత్రం మొదటిదాని వైపే ఉంది. అమ్మతో నాలుగు మాటలు చెప్పుకుని ఏడ్చే పిల్ల, అవి కోర్టులో వినిపిస్తారని భయపడాలా?

ఇంత చెప్పి నా సంగతి దాచకూడదు. మొన్న మా అమ్మాయి స్నానానికి వెళ్లినప్పుడు దాని ఫోన్ తీసి చూశాను. ఏమీ లేదు. దానికింకా చెప్పలేదు. ఇవాళ రేడియోలో వింటుంది.