ఎలా చెడిపోతుందో అడగండి

పట్టభద్రులారా! నాగార్జునసాగర్‌లో విమానాశ్రయం కట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతిపాదించింది. మాచర్ల దగ్గర విజయపురి సౌత్‌లో చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఇప్పటికే ఉంది. రేపు మీలో ఒకరి ముందుకు ఈ ప్రశ్న రావచ్చు: మబ్బులోంచి దిగే పైలట్‌కు రన్‌వే దారి చూపాల్సింది నేలమీది రేడియో పద్ధతి ఐఎల్‌ఎస్సా, ఉపగ్రహ పద్ధతి గగనా? ఐఎల్‌ఎస్ పాతదే. 1938లోనే పిట్స్‌బర్గ్ మంచు తుఫానులో ప్రయాణికుల విమానాన్ని దించింది. రన్‌వే దగ్గరి రేడియో కిరణాల్లో ఒకటి కుడిఎడమలు, మరొకటి సుమారు 3 డిగ్రీల వాలు చెబుతాయి. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి నిర్మించిన గగన్‌లో 15 భూకేంద్రాలు జీపీఎస్ తప్పులు కొలిస్తే, దిద్దుబాట్లు జీశాట్ ఉపగ్రహాల మీదుగా విమానానికి అందుతాయి. అప్పటికి ఐఎల్‌ఎస్ లేని కిషన్‌గఢ్‌లో 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ అలాగే దిగింది.

ఇక పాతది పీకేయవచ్చు కదా అంటారు. ఆ మాటలో బలముంది. వాలు చెప్పే యాంటెన్నా ముందు నేల చదునుగా ఉండాలి. పల్నాటి రాతినేలలో అది ఖర్చుతో కూడిన పని. కానీ వయసు కొలమానం కాదు. 1978లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐసీఏఓ) ఐఎల్‌ఎస్ స్థానంలో మైక్రోవేవ్ పద్ధతిని ఎంచుకుంది. 1994లో అమెరికా తన మైక్రోవేవ్ పథకాన్ని ఆపేసింది. ఐఎల్‌ఎస్ మాత్రం నేటికీ పనిచేస్తోంది. అడగాల్సింది, చెడితే ఎలా చెడుతుందని. ఐఎల్‌ఎస్ చెడితే ఒక్క రన్‌వేకే నష్టం. పక్కనున్న మానిటర్ తేడా పసిగట్టి దాన్ని ఆపేస్తుంది. గగన్ ఆధారపడే ఉపగ్రహ సంకేతం మాత్రం నేలకు చేరేసరికి బాగా బలహీనం. గగన్ ఉపగ్రహాల తప్పులు పట్టగలదు గానీ, విమానాశ్రయం దగ్గర ఎవరో పుట్టించిన దొంగ సిగ్నల్‌ను పట్టడానికి కట్టింది కాదు. 2025లో ఢిల్లీ రన్‌వే 10కి జీపీఎస్ ఆధారంగా దిగుతున్న కొన్ని విమానాలకు తప్పుడు సంకేతాలు ఎదురయ్యాయి. సంప్రదాయ పరికరాలున్న మిగతా రన్‌వేలకు ఇబ్బంది రాలేదని మన సిక్కోలుకు చెందిన కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడే రాజ్యసభకు తెలిపారు. అలాంటి ఫిర్యాదులు వచ్చిన నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది.

రెండూ ఉంచితే ఖర్చు రెట్టింపని ఆర్థిక శాఖ అంటుంది (అనకపోతే ఆశ్చర్యమే). ప్రతి చోటా రెండూ అక్కర్లేదు. సాగర్‌కు మొదట గగన్ చాలు. అక్కడ సిగ్నల్ దెబ్బతింటే విమానం గన్నవరానికో శంషాబాద్‌కో మళ్లాలి; అక్కడా ఉపగ్రహమే దిక్కైతే, రెండు చెరువులకూ ఒకే వాగు నీరన్నట్టే. కాబట్టి ఆ రెండు చోట్లా ఐఎల్‌ఎస్‌ను ఉంచి, కాలం తీరిన పరికరాలను మార్చాలి. సాగర్ ప్లాను గీసేవాళ్లు మాత్రం ఐఎల్‌ఎస్ యాంటెన్నాలకు కావలసిన చదును జాగాను ఇప్పుడే వదలాలి. టెర్మినల్, పార్కింగ్ లేచాక ఆ జాగా దొరకదు.