ఉత్తరారణ్యమున నవల
(తిరుత్తణి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మనలో నొక యువకుడు హిమాలయారణ్యములు రంగముగా, ప్రేమయు నుత్కంఠయు గల నవల వ్రాయ సంకల్పించెను. మిక్కిలి సంతోషము. కాని మంచును వర్ణించినంతమాత్రమున భయము పుట్టదు. పిలిచినను పలుకువా రెవ్వరును లేకుండుటయే భయము. నమ్మదగినవాడో కాడో తెలియని ప్రియుడే అచ్చట దారి చూపువాడైనపుడు కథ బిగియును.

మన పొరుగు చిత్తూరు సీమకు చెందిన డాక్టరు కేశవరెడ్డిగారు (1946–2015) ‘అతడు అడవిని జయించాడు’ నవలలో, పంది కొఱకు అడవి కేగిన వృద్ధుని కథతోనే ఉత్కంఠ నిలిపిరి. అడవి నెఱిగి వ్రాయుటయే అందలి బలము.

2006 చట్టముచే పాఠశాలలలో తమిళము నిర్బంధమైన పిదప మన బిడ్డలకు తెలుగు లిపి దూరమగుచున్నది. చేత బట్టిన విడువనీయని కథయే వారికి పెద్దబాలశిక్ష. వ్రాయుము నాయనా! అచ్చుకాగితము నేనిత్తును.