మొహానికి రాసుకునే ముందు ట్యూబు మీద ఏముందో చదవండి
(మండల సమాఖ్య మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో రక్తహీనత గురించో, బీపీ షుగర్ల గురించో మాట్లాడతాం. ఈసారి మొటిమల గురించి మాట్లాడతామంటే కమిటీలోనే నవ్వారు. "కాలేజీ పిల్లలకి చెప్పే కబుర్లు మనకెందుకమ్మా" అన్నారు. ఆ నవ్వినవాళ్ళలో ఇద్దరు మీటింగు అయిపోయాక విడిగా వచ్చి, "ఇంతకీ నాకీ గడ్డం కింద గడ్డల్లాగా ఎందుకొస్తున్నాయి? ఏం రాసుకోవాలి?" అని అడిగారు. ఒకరికి ముప్పై నాలుగేళ్ళు, ఇంకొకరికి నలభై దాటాయి. అందుకే ఈ విషయం ఇక్కడే, అందరి ముందే మాట్లాడుకోవాలని అనుకున్నాం.

ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ళ కిందట సంక్రాంతి ముందు సమాఖ్య ఆవరణలో మనం స్టాలు పెట్టుకున్నాం, గుర్తుందా? పచ్చళ్ళు, అరిసెలు, జంతికలు, జాకెట్లు. వాటి పక్కన ఒక బల్ల మీద మొహం క్రీముల డబ్బాలు కూడా ఉన్నాయి. టౌను నుంచి తెప్పించినవి. ఏ మందు కలిపారో డబ్బా మీద రాసి లేదు. వారంలో మొటిమలు పోతాయి, మొహం తేటపడుతుంది అన్నారు. మేము అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పకపోవడమే కాదు, మాలో కొందరం కొన్నాం కూడా. వారంలో నిజంగానే మొటిమలు తగ్గాయి. మోసపోయింది అక్కడే. పనిచేయకపోయి ఉంటే నాలుగు రోజుల్లో పారేసేవాళ్ళం.

మన సభ్యురాలు ఒకామె దాన్ని ఏడాదిన్నర రాసింది. డబ్బా అయిపోతే మళ్ళీ తెప్పించుకుంది, అది దొరకనప్పుడు మెడికల్ షాపులో అలాంటిదే ఇమ్మని ట్యూబు కొనుక్కుంది. మొదట మొహం తెల్లబడింది. తర్వాత బుగ్గలు ఎర్రబడ్డాయి, సన్నటి రక్తనాళాలు పైకి కనిపించడం మొదలైంది, పైపెదవి మీదా చెంపల మీదా నూగు పెరిగింది. పోయిన మొటిమలు రెట్టింపై తిరిగొచ్చాయి. పొయ్యి దగ్గర నిలబడితే మంట, ఉపాధి పనికి ఎండలోకి వెళ్తే మంట. మానేద్దామని రెండ్రోజులు రాయకపోతే మొహం ఉబ్బిపోయి నిప్పులు పోసినట్టు ఉండేదట. దాంతో మళ్ళీ రాసేది. ఆరు నెలలు సంఘం మీటింగుకి రాలేదు. పొదుపు డబ్బులు కూతురితో పంపించేది. మేము వాయిదా కట్టిందా లేదా అని చూశాం కానీ మనిషి ఎందుకు రావడం లేదని అడగలేదు. ఈ మాటలు చెప్పడానికి ఆమె ఒప్పుకున్నారు. పేరు మాత్రం వద్దన్నారు.

ఆ క్రీములో ఉన్నది స్టిరాయిడ్ అని జిల్లా ఆసుపత్రి చర్మవ్యాధుల డాక్టరు చెప్పారు. స్టిరాయిడ్ చెడ్డ మందు కాదు. కొన్ని చర్మరోగాలకు డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన చోట రాస్తే మేలు చేస్తుంది. మొటిమలకు మాత్రం అది మందు కాదు. వాపునీ ఎర్రదనాన్నీ పైపైన అణచివేస్తుంది, లోపల చర్మాన్ని పల్చబరుస్తుంది. మన ఊళ్ళలో తామరకని తెచ్చుకున్న ట్యూబునే మొటిమకీ, మంగుకీ, పిల్లాడి దురదకీ రాసేస్తాం. చాలా తామర ట్యూబుల్లో కూడా ఇదే కలిసి ఉంటుంది. దానివల్ల తామరా తగ్గదు, ఒళ్ళంతా పాకుతుంది.

2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టిరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. రూలు ఉంది, షాపులో అడిగితే ఇచ్చేస్తారు. కాబట్టి చూసుకోవాల్సింది మనమే. పేర్లు రాసుకోండి: బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్. కంపెనీ పేరు ఏదైనా కావచ్చు, లోపలి మందు పేరు చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది. డబ్బా మీద ఎడమ పక్క పైమూలలో ఆర్ఎక్స్ గుర్తు ఉంటే చీటీ లేకుండా వాడకూడనిదని అర్థం. ఏ మందు పేరూ లేని డబ్బా అయితే అంతకంటే అనుమానించాలి. తెల్లబరిచే క్రీములు కొన్నిటిలో పాదరసం కలుపుతారు. కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవాళ్ళకి మూత్రపిండాల జబ్బు వచ్చిందని అక్కడి డాక్టర్లు 2023లో బయటపెట్టారు. మొహానికి రాసింది మూత్రపిండాల దాకా పోతుందని మనలో ఎవరం అనుకుంటాం?

ఇప్పుడు ఆ అక్కలిద్దరూ అడిగిన ప్రశ్నకి వద్దాం. ఈ వయసులో ఎందుకొస్తాయి?

"వేడి చేసింది" అంటాం. చిన్నప్పుడు వస్తే "పెళ్ళయితే పోతాయిలే" అన్నారు. పెళ్ళయ్యాక "పిల్లలు పుడితే పోతాయి" అన్నారు. పిల్లలకి పెళ్ళిళ్ళు చేసే వయసొచ్చినా పోని వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. అసలు సంగతి ఏమిటంటే, చర్మం కింద నూనె తయారుచేసే సన్నని గ్రంథులు ఉంటాయి. వాటి రంధ్రం దగ్గర చనిపోయిన చర్మం పేరుకుని మూసుకుపోతుంది. లోపల నూనె నిలవ ఉంటుంది, అక్కడ సూక్ష్మజీవులు పెరిగి వాపు, చీము వస్తాయి. ఆ నూనె ఎంత తయారవ్వాలో నడిపించేది ఒంట్లోని హార్మోన్లు. అందుకే మనకి నెలసరికి ముందు వారంలో గడ్డం చుట్టూ, దవడ ఎముక వెంట లేస్తాయి. పాతికేళ్ళు దాటాక మొటిమలు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ. ఇది మురికి వల్ల వచ్చేది కాదు. మొహం కడుక్కోవడం రాదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు: టీబీ మాత్రలు, ఫిట్స్ మాత్రలు, గర్భనిరోధక ఇంజెక్షను. అలాగని వాటిని ఆపేయకండి, ముఖ్యంగా టీబీ, ఫిట్స్ మందులు. ఏఎన్ఎంకో డాక్టరుకో చెప్పండి, చాలు.

చర్మ డాక్టరు మన మండలంలో లేరు. జిల్లా ఆసుపత్రికి పోయి రావాలంటే ఒకరోజు కూలి పోతుంది. మామూలు మొటిమలకి ప్రతి ఒక్కరూ అంతదూరం పోనక్కర్లేదు. ఇంట్లో చేసుకోగలిగింది ఉంది. అయితే ముందు చేయకూడనివి కొన్ని మానాలి. నిమ్మకాయ, వంటసోడా, పళ్ళపొడి, టూత్‌పేస్టు మొటిమ మీద పెట్టడం మానండి, చర్మం కాలుతుంది. సున్నిపిండితో గరగరా రుద్దడం మానండి. ఒంటికి సున్నిపిండి మంచిదే, వాచిన మొటిమ మీద రుద్దితే మాత్రం లోపల పగిలి మచ్చ పడుతుంది. గిల్లడం గురించి చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు, అందరం గిల్లుతాం. పసుపు సంగతి చాలామంది అడిగారు. మొహానికి పసుపు రాసుకునే అలవాటును మేము కాదనడం లేదు. కానీ అది మొటిమకి మందు కాదు. కొట్లో దొరికే పసుపులో రంగు కలిపేవాళ్ళున్నారు, కొందరికి అది పడక దురదలు వస్తాయి. తలకి కొబ్బరినూనె పట్టించేటప్పుడు నుదుటి మీదికి కారనివ్వకండి. నుదుటి మీద వరసగా సన్నటి పొక్కులు వచ్చేవాళ్ళు ఇది ఒక్కటి మార్చి చూడండి.

మొహం రోజుకి రెండుసార్లు కడిగితే చాలు. గాఢమైన సబ్బులు వద్దు. మొహం బిగుసుకుపోయినట్టు అనిపించిందంటే ఆ సబ్బు మీకు పనికిరాదని అర్థం.

ఇక మందు. బెంజాయిల్ పెరాక్సైడ్ అనే జెల్ ఉంది. 2.5 శాతం అని రాసి ఉన్నది అడగండి. 5, 10 శాతం ఉన్నవీ దొరుకుతాయి. ఎక్కువ శాతం అంటే ఎక్కువ గుణం అనుకుంటాం, కానీ 2.5 శాతం కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. ముందు దవడ కింద కొంచెం రాసి రెండు మూడు రోజులు చూడండి. పొంగి, దద్దురు వస్తే వద్దు. పడితే, రాత్రిపూట మొహం కడిగి, పూర్తిగా ఆరాక, శనగగింజంత తీసుకుని మొటిమలొచ్చే భాగమంతా పల్చగా పూయాలి. ఒక్కో మొటిమ మీద బొట్టు పెట్టినట్టు పెడితే లాభం లేదు, రాబోయే వాటిని ఆపడానికే కదా రాసేది. కళ్ళు, పెదవులు, ముక్కు మూలలు వదిలేయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. చర్మం కొంచెం ఎండుతుంది, పొట్టు లేస్తుంది. వాసన లేని మామూలు మాయిశ్చరైజరు రాసుకుంటే సర్దుకుంటుంది.

ఒక జాగ్రత్త. ఈ జెల్ బట్టల రంగు తినేస్తుంది. మాలో ఒకరి కొత్త దిండు గలీబు, ఆ తర్వాత మంచి నేత చీర కొంగు, రెండూ తెల్ల మచ్చలు పడ్డాయి. రాత్రికి పాత తెల్లగుడ్డ దిండు మీద వేసుకోండి.

అన్నిటికంటే కష్టమైనది ఓపిక. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అంటే మూడు నెలలు. పదో రోజున "ఏం తగ్గలేదు" అని మార్చేస్తే ఏ మందూ పనిచేయదు. వారంలో పోగొట్టే మందు కావాలనుకునే మనం ఆ డబ్బా దగ్గరికి పోయాం. మొటిమ తగ్గాక మిగిలే నల్లమచ్చ వేరే సంగతి. అది మొటిమ కాదు, చాలావరకు నెలల మీద దానంతటదే పల్చబడుతుంది. ఎండ తగిలితే ఎక్కువ కాలం ఉంటుంది. సన్‌స్క్రీన్ కొనగలిగితే మంచిదే, లేకపోతే గొడుగు, తలపాగా, కొంగు. చేలో పనిచేసేవాళ్ళకి కొంగే ఆధారం.

తిండి సంగతి ఒక్క మాట. తీపి పదార్థాలు, కూల్‌డ్రింకులు, రక్తంలో చక్కెరని గబుక్కున పెంచేవి కొందరిలో మొటిమలు పెంచుతాయి. తగ్గించి చూడండి. అంతేగానీ మొటిమలని చెప్పి పప్పు, గుడ్డు, నెయ్యి మానేసి రక్తం తగ్గించుకోవద్దు.

ఇంట్లో సరిపోనివి ఏవంటే: ముట్టుకుంటే నొప్పి పుట్టే లోతైన గడ్డలు, గుంటలు పడుతున్న మచ్చలు, మూడు నెలలు సరిగ్గా వాడినా తగ్గనివి. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తూ, గడ్డం మీద వెంట్రుకలు, బరువు పెరగడం కూడా ఉంటే అది పీసీఓఎస్ కావచ్చు, మొహానికి రాసుకుంటే పోదు. గర్భంతో ఉన్నవాళ్ళు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు అడగకుండా ఏదీ రాయవద్దు. ముఖ్యంగా ఐసోట్రెటినాయిన్ మాత్రలు పక్కింటామె దగ్గర నుంచి తీసుకుని మింగవద్దు. కడుపులో బిడ్డకి అవయవ లోపాలు వస్తాయి. అది డాక్టరు ఎదురుగా ఉండి ఇవ్వాల్సిన మందు. అడాపలీన్ అనే జెల్ కూడా మొటిమలకి బాగా పనిచేస్తుంది, అదీ గర్భిణులకి వద్దు, డాక్టరు చీటీ మీదే తీసుకోండి.

చీటీ కోసం టౌనుకే పోవాలని లేదు. పీహెచ్‌సీలో డాక్టరు ఉన్నారు. ఈ-సంజీవని ద్వారా వీడియోలో డాక్టరుతో మాట్లాడవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. మొహం చూపించడానికి సిగ్గుపడి ఆర్‌ఎంపీ దగ్గరికో షాపు దగ్గరికో పోకండి.

స్టిరాయిడ్ క్రీము నెలల తరబడి రాసినవాళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాం. ఈ మాటలు విని ఈ రాత్రే విసిరేసి ఊరుకోకండి. ఒక్కసారిగా ఆపితే మంట, ఎర్రదనం బాగా పెరగవచ్చు, అది భరించలేక మళ్ళీ మొదలుపెడతారు. డాక్టరుకి ట్యూబు చూపించి ఎలా తగ్గించాలో అడగండి. మన సభ్యురాలికి అలాగే చేశారు. కోలుకోవడానికి నెలలు పట్టింది. బుగ్గల ఎర్రదనం పూర్తిగా పోలేదు. పోయిన నెల నుంచి మీటింగుకి వస్తున్నారు, వెనక వరసలో కూర్చుంటున్నారు. "ఏమైంది మొహానికి" అని ఎవరూ అడగకండి. పొదుపు పుస్తకం ఇచ్చి పక్కన కూర్చోండి, అంతే.

ఆమె ఆ క్రీములకీ, తర్వాత ఆసుపత్రులకీ సంఘం నుంచి అంతర్గత అప్పు తీసుకున్నారు. తీర్మానం పుస్తకంలో "ఇంటి ఖర్చులు" అని రాసి ఉంది. మేమే రాశాం.

ఈ ఏడాది నుంచి సమాఖ్య స్టాలులో మందు పేరు, తయారీ లైసెన్సు నంబరు లేని క్రీము, పొడి, నూనె ఏదీ పెట్టనివ్వకూడదని కార్యవర్గంలో తీర్మానం చేశాం. బ్యూటీ పార్లరు పెట్టుకోవడానికి బ్యాంకు లింకేజీలో అప్పు తీసుకున్న చెల్లెళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళ బేరం చెడగొట్టాలని కాదు. ఫేషియల్ చేసుకోండి, దారంతో కనుబొమ్మలు దిద్దండి. పేరు లేని డబ్బాలోంచి తీసి మాత్రం ఎవరి మొహానికీ రాయకండి. రేపు ఆ మొహం చెడితే అడిగేది మిమ్మల్నే.

వచ్చే నెల గ్రామ సంఘం మీటింగుకి ఇంట్లో ఉన్న మొహం క్రీములు, తామర ట్యూబులు అన్నీ సంచిలో వేసుకుని రండి. సగం వాడినవైనా, అట్టపెట్టెతో సహా తీసుకురండి. ఏఎన్ఎం వస్తామన్నారు. అక్షరాలు మరీ చిన్నవి, మనలో సగం మందికి అద్దాలు కూడా లేవు. హైస్కూలు చదివే పిల్లని ఎవరినైనా వెంట తెచ్చుకోండి, ఇంగ్లీషు చదివి పెడుతుంది.