వజ్రమును బొగ్గును

మా ఊరు వీరులపాడు. తొలకరి వాన కురిసి వెలసిన మరునాడు మా వైపు మెట్టచేలలో తలవంచుకొని నేలను వెదకుచు తిరుగువారిని మీరును చూచియుందురు. పరిటాల, గుడిమెట్ల ప్రాంతములలో వజ్రములు దొరకుటయే దీనికి కారణము.

మా తాతగారికి అట్లే సెనగగింజంత రాయి యొకటి దొరకెను. కొనవచ్చిన వర్తకుడు "నిజమైన వజ్రమే యైనచో దాగలిమీద పెట్టి కొట్టినను పగులదు" అనెను. తాతగారు నమ్మి కమ్మరి కొలిమికి పోయి కొట్టించిరి. రాయి ముక్కలయ్యెను. వజ్రము కాదని నిశ్చయించుకొని ఇంటికి వచ్చిరి. ఆ పరీక్ష సరియైనదేనా యని నేను అడుగుటకు చాలకాలము పట్టినది. జవాబు పరమాణువులో నున్నది.

వజ్రము కర్బనమే, బొగ్గులో ముఖ్యముగా నుండునదియు కర్బనమే. 1797లో స్మిత్సన్ టెనెంటు అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు వజ్రమును కాల్చి యీ సంగతిని రుజువు చేసెను. (మన యిండ్లలో నెవ్వరును చేయుటకు సాహసింపని ప్రయోగము!) కర్బన పరమాణువు నడుమ కేంద్రకము కలదు. అందు 6 ప్రోటానులు, సాధారణముగా 6 న్యూట్రానులు నుండును. దానిచుట్టు 6 ఎలక్ట్రానులు. కేంద్రకము పెసరగింజంత అనుకొన్నచో పరమాణువు అంచు సుమారు 50 గజముల దూరమున నుండును. నడుమ నంతయు బయలే.

ఆ 6 ఎలక్ట్రానులలో రెండు లోపలి వరుసలోను, నాలుగు వెలుపలి వరుసలోను ఉండును. పొరుగు పరమాణువులతో చేయి కలుపునవి యీ నాలుగే. పెన్సిలులోని గ్రాఫైటునందు ప్రతి పరమాణువును మూడింటితోనే గట్టిగా కలిసి పొరగా పరచుకొనును. పొరకును పొరకును పట్టు తక్కువ. అందుచేత అవి జారి కాగితమున కంటుకొనును. వజ్రమునందో, ప్రతి పరమాణువును నాలుగు దిక్కుల నాలుగింటిని పట్టుకొనియుండును. 1913లో బ్రాగ్ తండ్రికొడుకులు ఎక్స్‌కిరణములతో ఈ యమరికను కనుగొనిరి. నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతముగారును వాల్తేరులో వజ్రముపై పరిశోధనలు చేసిరి.

ఇక మన ప్రశ్న. ఇంత బిగువైన కట్టుచేతనే వజ్రము గాజును గీయును, కెంపునైనను గీయును. కాని గీతపడకుండుట వేరు, పగులకుండుట వేరు. ఆ కట్టులో కొన్ని తలములకు అడ్డముగా పోవు బంధములు తక్కువ. ఆ వాటమున దెబ్బ తగిలినచో, చీలికవాటమున గొడ్డలి పడిన కట్టెవలె వజ్రము చీలిపోవును. వజ్రములను సానపట్టువారు ఈ గుణము నెరిగియే వాటిని చీల్చెదరు. సుత్తెదెబ్బకు పగిలినంత మాత్రమున రాయి వజ్రము కాదనుటకు వీలులేదు.

తాతగారు ఇల్లు చేరిన పిదప ఏమి జరిగినదో కమ్మరి మాకు చాల యేండ్లకు చెప్పెను. వర్తకుడు కొలిమియొద్దనే కూర్చుండి, దాగలి చుట్టు రాలిన ముక్కల నన్నింటిని ఏరి రుమాలులో మూట కట్టుకొని పోయెనట.